భజన పాటల కాలప్రమాణం: కొలిచే పద్ధతి, డిజిటల్ భాండాగారంలో నమోదు చేసే పద్ధతి

మారిషస్‌లోని తెలుగు మందిరాలలో, ఇళ్లలో, రామభజన గోష్ఠులలో పాడుతూ వచ్చిన పాటలు నేడు మూడు చోట్ల నిలిచి ఉన్నవి: పెద్దల నోళ్లలో, చేతివ్రాత పుస్తకాలలో, పాత క్యాసెట్లలో. పుస్తకంలో సాహిత్యం ఉంటుంది. కొన్నింటిలో రాగం పేరు, తాళం పేరు కూడ ఉంటాయి. కాని ఆ పాటను ఎంత నిదానంగా ఎత్తుకోవలెను, ఎంత వేగంతో ముగించవలెను అన్న సంగతి సాధారణంగా పుస్తకంలో కనబడదు. అది పెద్దల చేతి దెబ్బలో ఉంటుంది. ఆ చేయి ఆగిన నాడు దానికి మిగిలే సాక్ష్యం క్యాసెట్టు ఒక్కటే.

మా ఆలయ సంఘం తన వద్దనున్న క్యాసెట్లను కంప్యూటరు ఫైళ్లుగా మార్పించి, పాట పేరు, పాడినవారి పేరు, రాగం, తాళం వ్రాసిన తరువాత, ప్రతి పాటకు వేగాన్ని సైతం సంఖ్య రూపంలో నమోదు చేస్తున్నది. ఆ పనిలో మేము అనుసరిస్తున్న పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాము. సంగీతశాస్త్రం చదివినవారే ఈ పని చేయవలెనన్న నియమం లేదు. చేతితో తాళం వేయగలవారు, గడియారం చూడగలవారు ఎవరైనా చేయగలరు.

ఈ పని ఎందుకు అవసరం

మన పూర్వులు 1834 నుండి సాగిన ఒప్పంద కూలీ వలసలో భాగంగా ఈ ద్వీపానికి వచ్చినవారు. గోదావరి ముఖద్వారం వద్దనున్న కోరంగి రేవు పేరు మీదనే ఇక్కడ తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరు వచ్చినది. చెరకు తోటలలో పని చేసినవారిలో అక్షరజ్ఞానం గలవారు కొద్దిమంది. కనుక పాటలు చాలవరకు చెవి నుండి చెవికి, నోటి నుండి నోటికి వచ్చినవి. అట్లు వచ్చిన పాటలో మాటతో పాటు వేగం కూడ వారసత్వమే.

2014లో మారిషస్ సంప్రదాయ సెగ, 2016లో భోజ్‌పురి గీత్-గవాయ్ యునెస్కో వారి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరినవి. మన పాటలకు కూడ రేపు ఎవరైనా వివరాలు అడిగితే చూపవలసినది పాట పేరు ఒక్కటే కారాదు. ఎవరు పాడినారు, ఏ తాళంలో, ఏ వేగంతో పాడినారు అన్నవి కూడ మన వద్ద ఉండవలెను.

తెలుగు మరల నేర్చుకుంటున్నవారికి వేగం మరొక కారణం వల్ల ముఖ్యం. తెలుగులో హ్రస్వానికి, దీర్ఘానికి తేడా అర్థాన్నే మార్చుతుంది. ‘పలు’ అంటే అనేకం, ‘పాలు’ అంటే క్షీరం. ‘పాడరా’ అంటే గానం చేయుమని, ‘పడరా’ అంటే కింద పడుమని. నిమిషానికి 72 దెబ్బల వేగంలో ఒక్కొక్క దెబ్బకు నాలుగు అక్షరాలు పలికితే ఒక అక్షరానికి దాదాపు 0.21 సెకను దొరుకుతుంది. అదే పాటను 144 దెబ్బల వేగంలో పాడితే దొరికేది 0.10 సెకను మాత్రమే. ఆ వ్యవధిలో దీర్ఘం హ్రస్వంగా వినబడుతుంది, ఒత్తులు రాలిపోతాయి. అర్థం తెలియక పాడేవారు విన్నది విన్నట్లు పలుకుతారు. ఆ విధంగా మాట చెడుతుంది. అందుచేత నిదానంగా పాడిన పాత ప్రతి ఏది అని వెతికి తీయగలగడం భాషాబోధనకు కూడ అవసరమైన పని.

ముందుగా తెలుసుకోవలసిన పదాలు

లయ: దెబ్బకు, దెబ్బకు మధ్య సమానమైన విరామం. తాళం వేయని చోట కూడ పాటలో ఇది నడుస్తూనే ఉంటుంది.

కాలప్రమాణం: ఆ విరామం ఎంత పొడవు అన్న కొలత. విరామం పొడవైతే పాట నిదానం, కురుచైతే పాట వేగం. ఈ వ్యాసంలో వేగం అన్నప్పుడు దీనినే చెబుతున్నాము.

తాళం: దెబ్బల అమరిక. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు, మిశ్రచాపులో ఏడు, ఖండచాపులో ఐదు. తాళం మారకుండానే వేగం మారవచ్చును.

ఆవర్తనం: తాళం ఒకసారి మొదటి నుండి చివరి వరకు పూర్తి కావడం.

గతి లేక నడక: ఒక్కొక్క దెబ్బను లోపల ఎన్ని భాగాలుగా విడదీసినారు అన్నది. నాలుగైతే చతురశ్రగతి, మూడైతే తిశ్రగతి. సెగ పాటలో రావాన్ మీద వినబడే మూడేసి మాత్రల తూగును గుర్తుకు తెచ్చుకుంటే తిశ్రం సులభంగా బోధపడుతుంది.

బీపీఎం: ఒక నిమిషంలో పడే దెబ్బల సంఖ్య. పాశ్చాత్య సంగీతంలో 1815లో మెల్జెల్ పేటెంటు పొందిన మెట్రోనోమ్ యంత్రం తరువాత ఈ సంఖ్యను స్వరపత్రం మీద వ్రాసే అలవాటు వ్యాపించినది. నేటి సంగీత ఫైళ్లలో దీనికి ప్రత్యేకమైన గడి కలదు.

మొదటి మెట్టు: టేపు సరియైన వేగంతో నడిచినదా?

పాట వేగం కొలిచే ముందు టేపు వేగం సరి చూడవలెను. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవవలెనన్నది నిర్ణీత ప్రమాణం. మోటారు అలసినప్పుడు, రబ్బరు పట్టీ సాగినప్పుడు, బ్యాటరీలు తగ్గినప్పుడు ఈ నడక మారుతుంది. టేపు వేగం మారితే పాట వేగం, శ్రుతి రెండూ ఒకే నిష్పత్తిలో మారుతాయి. టేపు 6 శాతం వేగంగా తిరిగితే 100 బీపీఎం పాట 106గా లెక్కకు వస్తుంది, శ్రుతి దాదాపు ఒక అర్ధస్వరం, అనగా హార్మోనియంలో ఒక మెట్టు పైకి పోతుంది.

దీనిని కనిపెట్టడానికి రెండు మార్గాలు కలవు.

ఒకటి హార్మోనియం. రికార్డింగులో మ్రోగిన హార్మోనియం ఇప్పటికీ మందిరంలో ఉన్నట్లయితే, దాని షడ్జాన్ని ఫైలులోని షడ్జంతో పోల్చవలెను. పాడినవారు ఏ మెట్టును ఆధార శ్రుతిగా పెట్టుకొన్నారో తెలిసి ఉండవలెను. అర్ధస్వరం కంటె తక్కువ తేడా కనబడితే దానిని పట్టించుకోకపోవడం మంచిది, ఏలయనగా హార్మోనియం రీడ్లు కూడ కాలక్రమంలో కొంత మారుతాయి.

రెండవది కరెంటు హోరు. మారిషస్‌లో విద్యుత్తు 50 హెర్ట్జ్‌ల మీద నడుస్తుంది. కరెంటుకు తగిలించి రికార్డు చేసిన టేపులలో 50 లేక 100 హెర్ట్జ్‌ల వద్ద సన్నని హోరు పడి ఉంటుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో స్పెక్ట్రమ్ గీయించి చూస్తే అది నిలువు మొనగా కనబడుతుంది. ఆ మొన 50 వద్ద కాక 53 వద్ద ఉన్నదంటే టేపు 6 శాతం వేగంగా తిరిగినదని అర్థం. ఒక్కొక్కప్పుడు రెండు మొనలు కనబడతాయి. సరిగ్గా 50 వద్ద ఉన్నది టేపును ఫైలుగా మార్చినప్పుడు మన యంత్రం నుండి చేరిన హోరు. రెండవదే రికార్డింగు నాటిది. బ్యాటరీలతో రికార్డు చేసిన టేపులో ఈ ఆనవాలు దొరకదు.

తేడా రుజువైనప్పుడు వేగాన్ని, శ్రుతిని కలిపి మార్చే ఆజ్ఞను వాడవలెను. శ్రుతి మారకుండా వేగాన్ని మాత్రమే మార్చే ఆజ్ఞ ఈ పనికి తగదు, ఎందుకంటే టేపు రెండింటినీ కలిపి చెరిచినది. సవరణ ప్రతి మీద చేయవలెనే గాని మూలఫైలు మీద చేయరాదు. మూలఫైలు ఎట్లున్నదో అట్లే భద్రపరచి, ఎంత సవరించినామో నమోదులో వ్రాయవలెను.

రెండవ మెట్టు: చేతితో కొలవడం

అందరికీ తెలిసిన పద్ధతి 15 సెకన్లలో పడిన దెబ్బలను లెక్కించి నాలుగుతో గుణించడం. ఇది త్వరగా అవుతుంది గాని ఇందులో ఒక్క దెబ్బ తప్పినా ఫలితం 4 బీపీఎం తప్పుతుంది. మేము దీనిని తిరగవేసి, దెబ్బల సంఖ్యను స్థిరంగా ఉంచి కాలాన్ని కొలుస్తాము.

1. పాటను కనీసం ఒక ఆవర్తనం విని, చేతితో తాళం కుదుర్చుకోవలెను.

2. ఒక ఆవర్తనం మొదటి దెబ్బ మీద ఫోనులోని స్టాప్‌వాచిని ప్రారంభించవలెను. ఆ దెబ్బను ‘ఒకటి’ అని కాక ‘సున్న’ అని లెక్కించవలెను. మనం కొలిచేది దెబ్బలను కాదు, వాటి నడుమ విరామాలను.

3. 32వ దెబ్బ మీద స్టాప్‌వాచిని ఆపవలెను. ఆదితాళంలో 32 దెబ్బలంటే సరిగ్గా నాలుగు ఆవర్తనాలు. కనుక ఆపవలసిన దెబ్బ ఐదవ ఆవర్తనానికి మొదటిది అవుతుంది, గుర్తు పట్టడం సులభం.

4. 1920ని వచ్చిన సెకన్లతో భాగించవలెను. 60ని 32తో గుణిస్తే 1920 వస్తుంది. ఉదాహరణకు 26.7 సెకన్లు పట్టినట్లయితే 1920ని 26.7తో భాగించగా 71.9 వస్తుంది. దీనిని 72గా వ్రాయవలెను.

5. ఇట్లు మూడుసార్లు కొలిచి, మూడింటిలో నడిమి సంఖ్యను తీసుకోవలెను.

వ్రేలు నొక్కడంలో 0.2 సెకను ఆలస్యమైనా ఈ పద్ధతిలో ఫలితం సుమారు అర దెబ్బ మాత్రమే తప్పుతుంది. భజన పాటకు అంతకంటె సూక్ష్మత అవసరం లేదు.

మూడవ మెట్టు: ఏ దెబ్బను లెక్కించవలెను?

ఇద్దరు ఒకే పాటను కొలిచి ఒకరు 70 అని, మరొకరు 140 అని చెప్పడం తరచు జరిగే విషయం. ఇద్దరి లెక్కా సరియైనదే, లెక్కించిన దెబ్బ వేరు. కనుక భాండాగారానికంతటికీ ఒకే నియమం పెట్టుకోవలెను. మా నియమాలు ఇవి:

ఆదితాళం: ఒక దెబ్బ, మూడు వ్రేళ్లు, తరువాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఈ ఎనిమిది క్రియలలో ప్రతి ఒక్కటి ఒక లెక్క. రెండు కళల చౌకంలో ప్రతి క్రియను రెండేసి సార్లు వేస్తారు. అప్పుడు ఆవర్తనానికి 16 లెక్కలని వేరుగా గుర్తు వ్రాయవలెను.

రూపకం: వాడుకలో రెండు దెబ్బలు, ఒక విసురు. ఈ మూడూ లెక్కలే.

మిశ్రచాపు, ఖండచాపు: వీటిలో దెబ్బలు సమానమైన దూరంలో పడవు. మిశ్రచాపు 3, 2, 2గా, ఖండచాపు 2, 3గా విడుతుంది. అందువల్ల దెబ్బలను కాక ఆవర్తనాలను లెక్కించవలెను. ఉదాహరణకు మిశ్రచాపులో 10 ఆవర్తనాలకు 25 సెకన్లు పడితే నిమిషానికి 24 ఆవర్తనాలు. దానిని 7తో గుణిస్తే 168 అక్షరాలు. 168 అన్న సంఖ్యను చూసి అది వేగమైన పాట అని భ్రమించరాదు, చాపు పాటలను చాపు పాటలతోనే పోల్చవలెను. ఈ కారణం చేతనే తాళం పేరు లేని బీపీఎం సంఖ్యను మేము నమోదు చేయము.

కోలాటం, తిశ్రగతి పాటలు: అడుగు పడే చోటు లెక్క. కర్రల చప్పుడును లెక్కించరాదు, ఎందుకంటే అడుగుకు ఒకటి కంటె ఎక్కువ దెబ్బలు పడవచ్చును.

తాళాలు మ్రోగే పాటలు: ఉత్సాహం పెరిగిన కొద్దీ తాళాలు వేసేవారు దెబ్బను రెండుగా, నాలుగుగా చీల్చుతారు. అది వేగం పెరగడం కాదు, నింపడం. పాడేవారి మాట ఎంత దూరంలో పడుతున్నదో దానిని అనుసరించవలెను.

నాలుగవ మెట్టు: యంత్రంతో కొలవడం

వందల ఫైళ్లున్నప్పుడు అన్నింటినీ చేతితో కొలవడం కష్టం. చివర మూడు ఎక్స్ అక్షరాలతో వ్రాసే ‘మిక్స్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఫైళ్లను తానే విని బీపీఎం వ్రాస్తుంది. ఇటువంటి సాఫ్ట్‌వేరులు ధ్వనిలో హఠాత్తుగా వచ్చే దెబ్బలను వెతికి, అవి ఎంత విరామంతో మరల మరల వస్తున్నవో చూసి సంఖ్యను నిర్ణయిస్తాయి. నృత్యశాలలో వాయించే పాటలకు, డ్రమ్ము దెబ్బ స్పష్టంగా, సమానంగా పడే పాటలకు ఇవి చక్కగా పని చేస్తాయి. మన భజనల విషయంలో నాలుగు రకాల పొరపాట్లు వస్తాయి.

మొదటిది, సగం లేక రెట్టింపు. 72కు బదులు 144 అని, 120కి బదులు 60 అని చెబుతుంది. రెండవది, తిశ్రగతిలో ఒకటిన్నర రెట్లు లేక మూడింట రెండు వంతులు. 90కి బదులు 135 అని లేక 60 అని చెబుతుంది. మూడవది, చాపు తాళాలలో అసమానమైన దెబ్బలకు ఏదో ఒక సరాసరి సంఖ్యను కల్పిస్తుంది. నాలుగవది, పాట వేగం పెరుగుతూ పోతే మొత్తానికి ఒకే సంఖ్య ఇస్తుంది, ఆ సంఖ్య పాటలో ఎక్కడా వినబడకపోవచ్చును.

మొదటి రెండు పొరపాట్లను సరిదిద్దడానికి మిక్స్‌లోనే పాట వివరాల పేజీలో సంఖ్యను రెట్టింపు చేసే, సగం చేసే, మూడింట రెండు వంతులు చేసే మీటలు ఉన్నవి. పాట వింటూ వ్రేలితో తట్టితే వేగాన్ని లెక్కించే మీట కూడ ఉన్నది. తక్కిన రెండింటికీ చేతి కొలతే శరణ్యం. యంత్రం ఇచ్చిన సంఖ్య సూచన మాత్రమే, చేయి ఒప్పుకొన్న తరువాతనే అది నమోదు కావలెను.

ఐదవ మెట్టు: వేగం మారే పాటలు

దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనంలో పాట నిదానంగా మొదలై, నడుమ కుదురుకొని, చివరకు ఉద్ధృతమవుతుంది. భజన సంప్రదాయంలో దివ్యనామ కీర్తనలు కూడ దీప ప్రదక్షిణం చేస్తూ పాడేవే. ఇట్టి పాటకు ఒకే సంఖ్య వ్రాయడం నదికి ఒకే చోట లోతు కొలవడం వంటిది.

మేము మూడు చోట్ల కొలుస్తాము: మొదటి పల్లవి కుదిరిన తరువాత, పాట నడుమ, ముగింపుకు ముందు. బీపీఎం గడిలో పాట అత్యధిక భాగం ఏ వేగంతో సాగినదో ఆ సంఖ్య ఒక్కటే వ్రాస్తాము. మూడు సంఖ్యలనూ కలిపి వేరొక గడిలో ‘66-84-120’ వంటి రూపంలో వ్రాస్తాము. వేగం మెల్లమెల్లగా పెరిగినదా, ఒక్కసారిగా రెట్టింపైనదా అన్నది ఒక మాటలో చేర్చుతాము. ఒక్కసారిగా రెట్టింపైనచో అది శాస్త్రం చెప్పిన రెండవ కాలం. మెల్లగా పెరిగితే అది గోష్ఠి ఉత్సాహం. ఈ రెండింటినీ ఒకటిగా చూడరాదు.

ఆరవ మెట్టు: ట్యాగులో వ్రాయడం

ట్యాగు అనగా పాట ఫైలులోనే, ధ్వనికి తగలకుండా, వివరాలు దాచే చోటు. ట్యాగు మార్చినంత మాత్రాన ధ్వని మారదు. ఫైలు రకాన్ని బట్టి గడి పేరు మారుతుంది. ఎంపీ3 ఫైలులోని ఐడీ3 ట్యాగులో వేగానికి ‘టీబీపీఎం’ అన్న గడి ఉన్నది, అందులో పూర్ణాంకం మాత్రమే వ్రాయవలెను. ఫ్లాక్ ఫైలులో ‘బీపీఎం’ అన్న పేరుతో వ్రాస్తారు. ఐట్యూన్స్ వాడే ఎం4ఏ ఫైలులో కూడ ఇట్టి గడి ఉన్నది. వేవ్ ఫైలులో ట్యాగులను చాల ప్లేయర్లు చదవవు. కనుక వేవ్‌ను మూలప్రతిగా దాచి, ట్యాగులను ఫ్లాక్, ఎంపీ3 ప్రతులలో వ్రాయడం మంచిది.

ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేరులో పెక్కు ఫైళ్లను ఒకేసారి తెరచి గడులు నింపవచ్చును, మనకు కావలసిన కొత్త గడులను కల్పించుకోవచ్చును. తెలుగు లిపిలో వ్రాసేవారు ఒక విషయం గమనించవలెను. పాత ఐడీ3 మొదటి రకపు ట్యాగులో తెలుగు అక్షరాలకు చోటు లేదు, అక్కడ ప్రశ్నార్థకాలు కనబడతాయి. ఐడీ3 రెండవ రకంలో యూనికోడ్‌ను ఎంచుకోవలెను. కొన్ని కారు ప్లేయర్లు అప్పటికీ తెలుగును చూపలేవు. అంకెలకు మాత్రం ఈ లిపి ఇబ్బంది లేదు.

మేము ప్రతి పాటకు నింపే గడులు:

పాట మొదటి మాట, పాడినవారు లేక గోష్ఠి, రికార్డు చేసిన సంవత్సరం, చోటు, రాగం, తాళం, బీపీఎం, మూడు చోట్ల వేగం, లెక్కించిన దెబ్బ, టేపు సవరణ శాతం, కొలిచినవారు, కొలిచిన తేది.

ఒక నమోదు ఏ విధంగా ఉంటుందో చూడండి: తాళం ఆది. బీపీఎం 84. మూడు చోట్ల వేగం 66-84-120, మెల్లగా పెరిగినది. లెక్కించిన దెబ్బ ప్రతి క్రియ, ఆవర్తనానికి 8. టేపు సవరణ 6 శాతం తగ్గింపు, కరెంటు హోరు ఆధారంగా.

ఫైలు పేరులో కూడ వేగం చేర్చదలచినవారు మూడంకెలుగా, ‘072’ వలె వ్రాయవలెను. లేనిచో అక్షరక్రమంలో పేర్చినప్పుడు కొన్ని యంత్రాలు 100ను 72కు ముందు నిలుపుతాయి. ఈ వివరాలన్నీ ఒక పట్టికలో కూడ వ్రాసి, ఆ పట్టికను, మూలఫైళ్లను రెండు వేర్వేరు ఇళ్లలో భద్రపరచవలెను.

ఏడవ మెట్టు: వెతికి తీయడం

నమోదు పూర్తయిన తరువాత ఐట్యూన్స్ వంటి ప్లేయర్లలో ‘బీపీఎం 80 కంటె తక్కువ’ అని నియమం పెడితే ఆ పాటలన్నీ ఒక జాబితాగా వస్తాయి. కొత్త పాట చేరిన కొద్దీ జాబితా తానే పెరుగుతుంది. వాడుక కొరకు మా సంఘం ఆదితాళం పాటలను మూడు తరగతులుగా విభజించినది: 70 కంటె తక్కువైనవి నిదానం, 70 నుండి 100 వరకు మధ్యమం, 100 దాటినవి వేగం. ఇవి శాస్త్రం చెప్పిన హద్దులు కావు. శాస్త్రంలో విలంబ, మధ్యమ, ద్రుత కాలాలు ఒకదానికొకటి రెట్టింపుగా ఉంటాయి. మా హద్దులు వెతుకులాట కొరకు పెట్టుకొన్నవి మాత్రమే.

నిదానం జాబితా తెలుగు నేర్చుకునేవారిది. పుస్తకం ముందుంచుకొని, ప్రతి అక్షరాన్ని చూస్తూ, దీర్ఘాలను సాగదీసి పలుకుతూ పాడవచ్చును. నోరు తిరిగిన తరువాత మధ్యమానికి పోవలెను. వేగం జాబితా చివరిది. నిదానపు ప్రతి దొరకని పాటను సాఫ్ట్‌వేరుతో నెమ్మదింపజేసి అభ్యాసం చేయవచ్చును. ఇక్కడ శ్రుతి మారకుండా వేగాన్ని తగ్గించే ఆజ్ఞ ఉపయోగపడుతుంది. కాని అట్టి ప్రతికి ‘అభ్యాసం కొరకు నెమ్మదించినది’ అని స్పష్టంగా పేరు పెట్టవలెను. లేనిచో పది సంవత్సరాల తరువాత దానినే పెద్దల వేగమని నమ్మే ప్రమాదం ఉన్నది.

ఏది సరియైన వేగం?

ఒకే పాట పాత క్యాసెట్టులో 66 వేగంతోను, నేటి యువకుల గోష్ఠిలో 108 వేగంతోను వినబడడం మా భాండాగారంలో ఉన్నది. ఏది సరియైనదని సంఘంలో పలుమార్లు చర్చ జరిగినది. పెద్దలు, ఇంత వేగంలో మాట వినబడదు, మాట వినబడని భజన ఎందుకని అడిగినారు. యువకులు, నిదానంగా పాడితే పిల్లలు కూర్చోరు, కూర్చోని పిల్లలకు మాట అందేది ఎట్లని అడిగినారు. ఇరుపక్షాల మాటలోను సత్యం ఉన్నది.

భాండాగారం ఈ తగవును తీర్చదు, తీర్చరాదు. దాని పని రెండు ప్రతులనూ వాటి వాటి సంఖ్యలతో, సంవత్సరాలతో నిలపడం. ఒకదానిని ‘అసలు’ అని, మరొకదానిని ‘తప్పు’ అని ట్యాగులో వ్రాయము. అయితే సంఖ్య వ్రాసిన తరువాత చర్చ తీరు మారినది. ‘పూర్వం నిదానంగా పాడేవారు’ అన్న మాటకు బదులు ‘పూర్వం 66లో పాడేవారు, మనం 108లో పాడుతున్నాము’ అన్న మాట వచ్చినది. దానిపై యువకులే ముందుకు వచ్చి, ఆ పాట మొదటి చరణాన్ని పాత వేగంతో ఎత్తుకొని, తరువాత తమ వేగానికి పోతున్నారు.

పెద్దల సాక్ష్యం తీసుకునేటప్పుడు ఒక క్రమం పాటించవలెను. ముందుగా క్యాసెట్టు వినిపించరాదు. వారినే పాట ఎత్తుకొని చేతితో తాళం వేయమని అడిగి, ఆ వేగం కొలిచి, ఆ తరువాత క్యాసెట్టు వినిపించవలెను. ముందే వినిపిస్తే చేయి క్యాసెట్టును అనుసరిస్తుంది, జ్ఞాపకం పక్కకు తప్పుకుంటుంది. పెళ్లిళ్లలో, నోములలో స్త్రీలు పాడిన పాటలను ఇతరులకు వినిపించే ముందు పాడినవారి అనుమతి, వారు లేనిచో వారి పిల్లల అనుమతి పొందవలెను. తాళం విషయంలో సందేహం వచ్చినప్పుడు కర్ణాటక సంగీతం నేర్చినవారిని అడగడం ఉత్తమం.

ఎక్కడ మొదలుపెట్టవలెను?

వందలాది ఫైళ్లను చూసి వెనుకాడవలసిన పని లేదు. మొదట పది పాటలను ఎంచుకోండి. ఆదితాళంలో ఉన్నవి, వేగం మారనివి, పాడిన పెద్దలు నేటికీ మన మధ్య ఉన్నవి తీసుకోండి. ఒక్కొక్క పాటకు పావుగంట చాలును. ఇద్దరు కలిసి కూర్చొని ఒకరు తాళం వేస్తూ, ఒకరు గడియారం చూస్తూ చేస్తే పని మరింత సులభం. ఒకరు పెద్దవారు, ఒకరు చిన్నవారు అయితే ఇంకా మేలు, ఏలయనగా సంఖ్య ట్యాగులో చేరే లోపల తాళం చిన్నవారి చేతికి కూడ చేరుతుంది. చాపు తాళాలను, వేగం మారే రామభజనాలను రెండవ విడతకు ఉంచండి. క్యాసెట్టు ఇంకొన్నాళ్లు ఆగగలదు. పెద్దల ఇంటికి మాత్రం ఈ వారమే వెళ్లండి.